రెండో ఆధారం

సంతకం పడేదాకా ఈ ఇంట్లో ఎవరికీ ముద్ద దిగదన్నట్టు కూర్చున్నాడు వీరవెంకటసత్యనారాయణ. డైనింగ్ టేబుల్ మీద ఒక పక్క వకీలు పంపిన కాగితం, ఇంకో పక్క నిన్న సాయంత్రం మహిళా సంఘం భావన ఇచ్చిపోయిన ఆహ్వాన పత్రం. రెండింటి మధ్యా ఉప్మా చల్లారిపోతోంది.

"నాలుగు వాక్యాలమ్మా సుకన్యా. 'సదరు తేదీ నేను కల్పించి రాసినదే' అని ఉంది. కింద నీ సంతకం. అంతే."

"చదివిన మామయ్యా."

"మరి?"

సుకన్య చూపంతా ఆ ఆహ్వాన పత్రం మీదే ఉంది. దాని మీద నాయనమ్మ రుద్రమ్మ ఫోటో. సుకన్య పెళ్లిలో తీసినది, పక్కనున్నవాళ్లను కత్తిరించేశారు. ఫోటో కింద పెద్ద అక్షరాలు: 'బల్కంపేట అక్షరమాత రుద్రమ్మ గారికి సన్మానం. ఆమె రాత్రి బడికి అరవై నాలుగేళ్లు. మధ్యాహ్నం పన్నెండు గంటలకు.' సభ రేపే.

అక్షరమాతట! ఎనభై రెండేళ్ల రుద్రమ్మకు వేలిముద్ర వేయడం తప్ప ఇంకేమీ రాదు. బడి పెట్టడం మాట అటుంచండి, బడి గడప కూడా తొక్కలేదు. ఆ బడిని పుట్టించింది సుకన్యే.

ధరంకరం రోడ్డులో ఎవరినడిగినా 'తేదీల పుస్తకం సత్యనారాయణ గారి ఇల్లా' అని చెయ్యి చాపి చూపిస్తారు. ఏ రోజున చరిత్రలో ఏం జరిగిందో మూడు వేల తేదీలతో ఇరవై ఆరేళ్లుగా ఆయన 'తేదీల దర్పణం' వేస్తున్నాడు. అమీర్‌పేటలో కోచింగుకు వచ్చిన పిల్లలు, ఎస్.ఆర్. నగర్ హాస్టళ్లలో ఉద్యోగాల కోసం కళ్లు కాయలు కాచేలా చూసేవాళ్లు, దాన్ని తలగడ కింద పెట్టుకుని పడుకుంటారు. రెండు ఆధారాలు లేనిదే ఒక్క తేదీ కూడా అచ్చులోకి పోనివ్వడని ఆయనకు పేరు.

ఒక్కటి తప్ప. ప్రతి ఏడూ ఒకే ఒక్క దొంగ తేదీ వేస్తాడు. ఎవడైనా పుస్తకం మొత్తం ఎత్తేసి తన పేరుతో అమ్ముకుంటే, ఆ తేదీ దగ్గర దొరికిపోవాలని. దాపరికం ఏమీ లేదు. చివరి పేజీలోనే అచ్చేస్తాడు, 'ఇందులో ఒక్క తేదీ మా ఇంటి గుర్తు, పట్టుకున్నవారికి వచ్చే ఏడాది పుస్తకం ఉచితం' అని. ఒక ఏడాది లేని ఊళ్లో 'అఖిల భారత ఉప్పులేని ఊరగాయ మహాసభ' జరిపించాడు. వారం తిరక్కుండా పిల్లలు ఇంటి మీదకొచ్చిపడి నవ్వి నవ్వి పోయారు.

ఈ ఏడాది మొదటిసారి ఆ దొంగ తేదీ రాసే పని కోడలికి అప్పజెప్పాడు. వచ్చే ఏడాది అట్ట మీద సంపాదకురాలిగా సుకన్య పేరే వేస్తానన్నాడు కూడా. అప్పజెబుతూ రెండే నియమాలు చెప్పాడు: పరీక్షలో అడిగేలాంటిది రాయొద్దు, బతికున్నవాళ్ల పేరు పెట్టొద్దు. సుకన్య రెండోది తప్పింది. 'ఆగస్టు 9, 1961: బల్కంపేటలో కూలీ మహిళల కోసం రుద్రమ్మ రాత్రి బడి ప్రారంభం' అని రాసేసింది. నాయనమ్మ పేరు ఒక్కసారైనా అచ్చులో చూసుకోవాలని మనసు పీకింది, అంతకు మించి కారణం లేదు.

వల బాగానే పడింది. మైత్రీవనం దగ్గర పరీక్షల మెటీరియల్ అమ్మే కనకయ్య పుస్తకమంతా ఎత్తేశాడు. చివరి పేజీ మాత్రం చింపేశాడు. కనకయ్య పుస్తకంలో ఆ తేదీ చూసిన బల్కంపేట మహిళా సంఘం కార్యదర్శి భావన, రుద్రమ్మ ఇంకా బతికే ఉందని తెలిసి ఉబ్బితబ్బిబ్బయింది. హాలు మాట్లాడింది, ఫ్లెక్సీలు కట్టించింది. వకీలేమో కనకయ్య మీద కేసు వేయడానికి ఈ కాగితం రేపు పొద్దున్నే చేతికి కావాలంటున్నాడు.

"అమ్మాయ్," అంది ఛాయాదేవి వంటగదిలోంచే, "మీ మామయ్య ఇరవై ఆరేళ్లు కళ్లు పోగొట్టుకుని సంపాదించిన పరువది. ఆ కనకయ్య 'నాది నేనే రాసుకున్నా' అని బోర విరుచుకు తిరుగుతుంటే చూస్తూ కూర్చోమంటావా?"

"నాయనమ్మది సుత పరువే అత్తమ్మా."

ఆఫీసుకు బయల్దేరుతున్న వంశీకృష్ణ, తల్లినీ భార్యనీ మార్చి మార్చి చూసి, బూటు లేసు కట్టుకోవడంలో మునిగిపోయాడు. కట్టిన లేసునే మళ్లీ విప్పి కట్టాడు మహానుభావుడు.

"రుద్రమ్మ గారిని నలుగుర్లో నవ్వులపాలు చెయ్యాలని నాకు మాత్రం ఉంటుందా సుకన్యా?" సత్యనారాయణ గొంతు మెత్తబడింది. "కానీ అబద్ధానికి దండ వేయించుకుంటే రేపు అందరూ వేలెత్తి చూపేది ఆమెనే కదా. ముందు నువ్వెళ్లి ఆమెకు చెప్పు. తర్వాత సంతకం పెట్టు."

చెప్పు! ఎంత తేలిగ్గా అనేశాడు! ముసలామె నిన్న ఫోన్లో ఎంత సంబరపడిపోయిందో ఈయనకేం తెలుసు?

"సాయంత్రం దాంక టైమియ్యండి," అని చెప్పులేసుకుంది సుకన్య.

* * *

బల్కంపేట ఎల్లమ్మ గుడి వెనక సందులో రుద్రమ్మ గడపలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. లోపల దండెం మీద నెమలిపింఛం రంగు చీర ఇస్త్రీ చేసి వేలాడుతోంది. రేపటికని ఎవరూ చెప్పకుండానే తెలుస్తోంది.

"వచ్చినవా బిడ్డా. కూసో. చాయ్ తాగుతవా?"

"వద్దు నాయనమ్మా. నీకొక మాట చెప్పాలె."

"చెప్పు."

సుకన్య చిక్కుడుకాయ ఒకటి తీసుకుని గిల్లుతూ కూర్చుంది. రుద్రమ్మ ఓపిగ్గా చూసింది, చూసింది, ఇంక లాభం లేదనుకుని తానే అందుకుంది.

"నేను బడి పెట్టలేదని చెప్పనీకె గింత దూరమొచ్చినవా?"

సుకన్య చేతిలోని చిక్కుడుకాయను గిన్నెలో పడేసింది.

"నేను ఏం జేసిన్నో, ఏం జెయ్యలేదో నాకెరుక లేదా? ముసలిదాన్నైన గాని మతి పోలె," అని రుద్రమ్మ బోసినోటితో నవ్వింది. "నువ్వే రాసినవని గా భావన పిల్ల పుస్తకం చదివి వినిపించినప్పుడే అర్థమైంది. ఇంకెవరు రాస్తరు నా పేరు?"

"అది అబద్ధమని కాగితం మీద సంతకం పెట్టమంటున్నడు మామయ్య. మరి నువ్వెందుకు ఒప్పుకున్నవ్ నాయనమ్మా?"

"మైకు ఇస్తరన్నరు."

"మైకా?"

"నాకు మైకుల ఒక మాట చెప్పేదుంది. యాభై ఏండ్ల సంది ఉంది." రుద్రమ్మ గిన్నె పక్కకు జరిపింది. "నువ్వు దునియాల అందరి తారీఖులు రాస్తవ్. నాది సుత ఒక్కటుంది. రాస్తవా?"

సుకన్య తలూపింది.

"పంజాగుట్ట చౌరస్తా కాడ నాలుగంతస్తుల ఆఫీసుండె. ఇప్పుడు లేదులే, కూలగొట్టి మాల్ కట్టిన్రు. ఆ ఆఫీసు కట్టినప్పుడు తట్టలు మోసింది మేమే. పద్నాలుగు మంది ఆడోళ్లం. రెండేండ్లు మోసినం. ఈరమ్మ నిండు నెలలతోని నాలుగో అంతస్తు దాంక ఎక్కింది. ఓపెనింగు రోజు మంత్రి వస్తుండంటే, మేము సుత ఉన్నంతల మంచి చీరలు కట్టుకుని, తలల నిండ బంతిపూలు పెట్టుకుని పోయినం. మేం కట్టిందే గద, చూస్తమని."

"చూసిన్రా?"

"గేటు మూసిన్రు. పెద్దోళ్లొస్తున్నరు, కూలోళ్లు కనబడొద్దన్నరు. ఎండల నిలబడ్డం. లోపల మైకుల అందరికీ దండం పెడుతున్నరు. ఇంజనీరుకు పెట్టిన్రు. కాంట్రాక్టరుకు పెట్టిన్రు. ఆఖరికి షామియానా ఏసినోనికి సుత పెట్టిన్రు బిడ్డా! మా పేరు ఒక్కరిదన్నా వస్తదేమోనని ఆఖరిదాంక విన్నం. రాలె."

కోపం లేదు ఆ గొంతులో. నిన్న కూరగాయల ధర చెప్పినంత తాపీగా చెప్పింది. వింటున్న సుకన్యకే కళ్లు మండాయి.

"రేపు మైకుల ముందుగాల బడి సంగతి అబద్ధమని చెప్తా. నా మనుమరాలు నా మీద పావురంతోని, ప్రేమతోని రాసిందని చెప్తా. తర్వాత పద్నాలుగు పేర్లు చెప్తా. నేను తప్ప అందరు పోయిన్రు. నేను సుత పోతే ఆ పేర్లు ఎవరికెరుక?" చేతివేళ్లు మడుస్తూ మొదలుపెట్టింది. "ఈరమ్మ. సాయమ్మ. మల్లమ్మలు ఇద్దరు, ఒకామె పొడుగు, ఒకామె పొట్టి. బాలకిష్టమ్మ…"

పద్నాలుగూ చెప్పింది. ఎక్కడా తడుముకోలేదు. సుకన్య ఫోన్లో రాసుకుంది.

"తారీఖు ఏంది నాయనమ్మా?"

"తారీఖు నాకేడ ఎరుక? ఎమర్జెన్సీ పోయిన ఏడు. దీపావళి అయిపోయింది. ఆంధ్ర దిక్కు సముద్రమొచ్చి ఊళ్లు ముంచకముందు."

తేదీల కోడలు కదా, సుకన్య బుర్ర తనంతట తానే లెక్క కట్టేసింది. డెబ్బై ఏడు. దివిసీమ ఉప్పెన నవంబరు పందొమ్మిది. దీపావళి పదో తారీఖు దగ్గర. మధ్యలో వారం పైచిలుకు.

"అందులో ఏ రోజు?"

"మీ మామనడుగు."

"మామయ్య దగ్గర పాత పంచాంగాలున్నయ్ గాని, ఆఫీసు ఓపెనింగ్ పంచాంగంలో ఉండదు గద."

"పంచాంగం ముచ్చట నాకెరుక లేదు. మీ మామనడుగు," అంది రుద్రమ్మ మళ్లీ, చిక్కుడుకాయల గిన్నె దగ్గరికి లాక్కుంటూ. "ఇంకొకటి. ఆ సంతకమేదో పెట్టెయ్ బిడ్డా. అబద్ధం నువ్వు రాసినవ్, నువ్వే ఒప్పుకో. నా గురించి ఫికర్ చెయ్యకు."

* * *

ఇంటికొచ్చేసరికి మూడయింది. సత్యనారాయణ పుస్తకాల గదిలో ఉన్నాడు. సుకన్య నిలబడే వకీలు కాగితం మీద సంతకం చేసి ఆయన ముందు పెట్టింది. పొద్దున్నుంచీ గుండెల మీద ఉన్న బండ దిగినట్టయింది ఆమెకు.

"చెప్పావా? ఏమన్నారు?"

"నాకన్న ముందే ఆమెకు తెలుసు మామయ్యా. రేపు మైకులో తనే చెప్తనన్నది."

"చూశావా! పెద్దావిడ పెద్దావిడే!" ఆయన ముఖం విప్పారింది. "కనకయ్య ఇంక జన్మలో మన పుస్తకం జోలికి రాడు."

"ఒక కొత్త తేదీ కూడ ఇచ్చింది. వచ్చే ఏడాది పుస్తకంలోకి. అసలుది."

సత్యనారాయణ అలవాటుగా చీటీ తీశాడు. కొత్త తేదీ ఏదొచ్చినా ఆయన ముందు చీటీ రాస్తాడు. పైన సంగతి, కింద ఒకటి, రెండు అని ఆధారాలు.

"చెప్పు."

"పంజాగుట్ట చౌరస్తాలో ఒక ఆఫీసు ఉండేదంట, ఇప్పుడు మాల్ ఉన్నకాడ. దాన్ని కట్టిన కూలీ ఆడోళ్లను ఓపెనింగు రోజు లోపలికి రానియ్యలేదంట. నాయనమ్మ అందులో ఒకతి."

కలం ఆగింది. సుకన్య గమనించలేదు, ఫోన్లో పేర్లు వెతుక్కుంటోంది.

"మొదటి ఆధారం నాయనమ్మ. రెండోది దొరకడమే కష్టం. శిలాఫలకం కూడ బిల్డింగుతోనే పోయి ఉంటది. ఆడోళ్లలో ఈమె తప్ప ఎవ్వరు లేరు. ముందు తేదీ తేల్చాలె మామయ్యా. డెబ్బై ఏడు, దీపావళికీ ఉప్పెనకీ నడుమ. పంచాంగం తియ్యనా?"

"అక్కర్లేదు."

"అంటే?"

"నవంబరు పద్నాలుగు. మొదటి కార్తీక సోమవారం. పొద్దున పదిన్నర."

సుకన్య చకచకా రాసుకుంది. రాశాక చెయ్యి ఆగింది. తల ఎత్తింది.

"గంట ఎట్ల తెలిసింది మామయ్యా?"

సత్యనారాయణ కళ్లజోడు తీసి చీటీ మీద పెట్టాడు. కళ్లజోడు లేకపోతే ఆయన ముఖం ఎవరిదోలా ఉంటుంది.

"ఆకుపచ్చ రంగు గేటు," అన్నాడు. "పద్నాలుగు మంది. అందరి తలల్లోనూ బంతిపూలు."

పద్నాలుగు మంది అని సుకన్య చెప్పలేదు. బంతిపూల మాట అసలే చెప్పలేదు. 

"నాకప్పుడు ఇరవై రెండేళ్లు. అవనిగడ్డ నుంచి మా మేనమామ తీసుకొచ్చాడు నన్ను. ఆయనే కాంట్రాక్టరు. 'ఒరే, గేటు నువ్వు చూసుకో, కూలోళ్లెవరూ లోపల కనపడకూడదు' అన్నాడు. చూసుకున్నాను." ఆయన చీటీ మీది కళ్లజోడు మడిచాడు. "గడియ పెట్టింది నేనేనమ్మా. వాళ్లలో ఒకామె కమ్మీలు పట్టుకుని అడిగింది, 'కట్టినప్పుడు కనబడ్డం గద అయ్యా' అని. నేను మొహం తిప్పుకున్నాను."

కాఫీ గ్లాసుతో వచ్చిన ఛాయాదేవి తలుపు దగ్గరే ఆగిపోయింది.

"ఐదు రోజులకు ఉప్పెనొచ్చింది. ఊరు లేదు, ఇల్లు లేదు, మా మేనమామ కుటుంబం లేదు. ఆ ఏడుపులో ఈ గేటు సంగతి కొట్టుకుపోయిందనుకున్నాను. పుస్తకం వేసిన ప్రతి ఏడూ మొదట రాసేది నవంబరు పందొమ్మిదే. మా వాళ్లను ఎవరూ మర్చిపోకూడదని. పద్నాలుగు దగ్గర మాత్రం నెహ్రూ పుట్టినరోజు, బాలల దినోత్సవం అని రాసి పేజీ తిప్పేసేవాణ్ణి. ఇరవై ఆరేళ్లు తిప్పాను."

సుకన్యకు ఈయన మీద కోపం రావాలి, వచ్చింది కూడా. జాలి కూడా దాంతోపాటే వచ్చింది. రెండింటిలో ఏది ముందు నోట్లోంచి వస్తుందోనని పళ్లు బిగించి కూర్చుంది.

"ఆవిడ… నన్ను గుర్తుపట్టారా?"

సుకన్యకు పెళ్లి పందిరి గుర్తొచ్చింది. నాయనమ్మ ఈయన్ని ఎగాదిగా చూసి 'పట్నంకు ఎన్నడొచ్చినవయ్యా?' అని అడగడం, ఈయన 'చాలా ఏళ్లయిందండీ' అని భోజనాల వైపు పోవడం.

"తేదీ కావాలంటే 'మీ మామనడుగు' అన్నది మామయ్యా. రెండుసార్లన్నది."

సత్యనారాయణ కళ్లజోడు పెట్టుకుని కలం తీశాడు. ఒకటి పక్కన 'రుద్రమ్మ గారు' అని రాశాడు. రెండు పక్కన తన పేరు మొత్తం, ఇంటి పేరుతో సహా, ఒక్క అక్షరం పొట్టి చేయకుండా రాశాడు.

"ఏవండీ!" ఛాయాదేవి గదిలోకి వచ్చింది. "ఎప్పటి సంగతో అది! మీకు బతుకు చూపించిన మేనమామ మాట కాదంటారా ఆ వయసులో? ఇప్పుడు తవ్వి తలకెత్తుకుంటారా? రేపక్కడ మీ పుస్తకం చదివినవాళ్లే సగం మంది ఉంటారు. ఫోన్లు పట్టుకుని వీడియోలు తీస్తారు!"

"రెండు ఆధారాలుంటే అచ్చు వెయ్యాలి ఛాయా. ఆ రూలు పెట్టింది నేనే." తప్పుడు తేదీ తెచ్చిన ప్రొఫెసర్లను సైతం గుమ్మంలోంచే పంపేసిన పాత గొంతే తిరిగొచ్చింది. "సుకన్యా, మీ నాయనమ్మకు ఫోన్ చెయ్యి. రేపు సభకు నేనూ వస్తాను. ఆమె పేర్లు చెప్పాక, గేటు వేసింది ఎవరో మైకులో నేనే చెబుతాను. ఒప్పుకుంటారేమో కనుక్కో."

సుకన్య ఫోన్ కలిపి స్పీకర్ పెట్టి బల్ల మీద ఉంచింది. రెండో రింగుకే ఎత్తింది రుద్రమ్మ.

"చెప్పిండా మీ మామ?"

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"చెప్పిండు నాయనమ్మా. రేపు సభకొస్తడంట. మైకుల ఆయన సుత చెప్తనంటుండు."

అవతల సందులో ఎవరిదో స్కూటర్ వెళ్లింది. ఎల్లమ్మ గుడి గంట మోగింది. రుద్రమ్మ ఏడుస్తోందేమోనని సుకన్య ఫోన్ మీదికి వంగింది.

"రమ్మను," అంది రుద్రమ్మ. ఏడుపూ లేదు, గీడుపూ లేదు. "కానీ కుర్చీ ఎయ్యమని భావనకు చెప్పకు. హాలుకు గేటుంది. దాని బయట నిలబడమను. మేం నిలబడ్డట్టె. లోపల పేర్లన్నీ వినుకుంట నిలబడాలె. లోపలికి పిలుస్తనో పిలవనో, అది నేను మైకు పట్టుకున్నంక చూస్త."

ఛాయాదేవి కాఫీ గ్లాసు టకీమని బల్ల మీద పెట్టింది. "డెబ్బై ఏళ్ల మనిషిని! మోకాళ్ల నొప్పులు! వియ్యంకుణ్ణి నడిరోడ్డు మీద…"

సత్యనారాయణ చెయ్యెత్తి ఆమెను ఆపాడు. ఫోన్ దగ్గరికి జరిగాడు.

"రుద్రమ్మ గారూ, నేను సత్యనారాయణనండీ. ఎన్నింటికి రమ్మంటారు?"

"నీకెరుకే గదయ్యా," అంది రుద్రమ్మ, ఫోన్ పెట్టేసింది.

సభ పన్నెండింటికి. సత్యనారాయణ కొత్త చీటీ తీసి, పైన రేపటి తేదీ వేసి, దాని కింద 'పదిన్నర' అని రాసుకున్నాడు.